బ్రౌజర్‌లో పిలవని హంగులు, మందగించిన కంప్యూటరు: కారణాలు, నివారణ మార్గాలు

ప్రత్యేక వ్యాసం

ప్రభుత్వ కార్యాలయాలలోనూ, పత్రికా కార్యాలయాలలోనూ నేడు పని యావత్తూ కంప్యూటరు తెర మీదనే, అందునా అధిక భాగం వెబ్ బ్రౌజర్‌లోనే సాగుతున్నది. దస్త్రం కదలడం, బిల్లు ఖజానాకు చేరడం, టెండరు దాఖలు కావడం, పత్రికా ప్రకటన విడుదల కావడం, దానిని విలేకరి అందుకొని వార్తగా మలచి డెస్కుకు పంపడం వంటి పనులన్నిటికీ బ్రౌజరే వాకిలి. ఒకప్పుడు టైపు మిషను చెడిపోతే ఆ ఒక్క ఉత్తరమే ఆగిపోయేది. నేడు బ్రౌజర్ మొరాయిస్తే కార్యాలయమే ఆగిపోతున్నది. తుపాను హెచ్చరికల వేళ, ఎన్నికల ఫలితాల వేళ పది నిమిషాల ఆలస్యం కూడా చిన్న విషయం కాదు.

ఇటువంటి బ్రౌజర్‌లో యజమాని కోరకుండానే కొన్ని హంగులు వచ్చి చేరుతుంటాయి. హోమ్ పేజీ దానంతట అదే మారిపోతుంది. వెతికిన పదానికి పరిచయం లేని సెర్చ్ ఇంజిన్ సమాధానమిస్తుంది. తెర మూలన ప్రకటనలు పొడుచుకొని వస్తుంటాయి. వీటితో పాటు యంత్రం వేగమూ తగ్గుతుంది. వీటిని కేవలం చికాకుగా భావించి సరిపెట్టుకొనేవారే ఎక్కువ. కాని వీటి వెనుక ఖాతాల భద్రత, ప్రజాధనం భద్రత ఇమిడి ఉన్నందున పాత్రికేయ మిత్రులు, అధికారులు ఈ విషయంపై కొంత అవగాహన కలిగి ఉండటం ఎంతైనా అవసరం.

ఈ హంగులు ఏ దారిన వస్తాయి?

మొదటి దారి ఉచిత సాఫ్ట్‌వేర్. ఒక ప్రోగ్రాంను స్థాపించుకొనేటప్పుడు వచ్చే గడులలో ముందే టిక్కు పెట్టి ఉంచిన ఒక గడి ద్వారా మరొక ప్రోగ్రాం కూడా లోనికి ప్రవేశిస్తుంది. ఊరూపేరూ లేని సంస్థలు మాత్రమే ఈ పద్ధతిని అనుసరిస్తాయనుకోవడం పొరపాటు. 2010 దశకం తొలి సంవత్సరాలలో విండోస్ కంప్యూటర్లలో జావా ప్రోగ్రాం స్థాపనతో పాటు ఆస్క్ టూల్‌బార్ కూడా ఈ విధంగానే వచ్చేది. ఆ రోజులలో డిజిటల్ సంతకంతో కూడిన పనులకు అనేక చోట్ల జావా అవసరమయ్యేది. కనుక ఆ టూల్‌బార్ కార్యాలయ యంత్రాలలోకి చేరేందుకు దారి సుగమంగా ఉండేది.

రెండవది, కొత్త యంత్రంతోనే వచ్చే హంగు. 2015 ఫిబ్రవరిలో వెల్లడైన సూపర్‌ఫిష్ ఉదంతం ఇందుకు నిదర్శనం. లెనోవో సంస్థ అంతకు కొన్ని నెలల ముందు నుండి విక్రయించిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ ప్రకటనల ప్రోగ్రాం ముందుగానే అమర్చబడి ఉన్నది. వెబ్ పేజీల నడుమ ప్రకటనలను చొప్పించడానికి అది తన సొంత భద్రతా ధ్రువపత్రాన్ని యంత్రంలో నిలిపింది. ఆ ధ్రువపత్రపు రహస్య తాళంచెవి అన్ని యంత్రాలకూ ఒక్కటే కావడంతో, అది చేజిక్కించుకొన్నవారు బ్యాంకు వెబ్‌సైటుతో జరిగే సురక్షిత సంభాషణను సైతం మధ్యలో చదివే ప్రమాదం ఏర్పడింది. ప్రకటన కోసం పెట్టిన హంగు ఇంటి తాళాన్నే బలహీనపరచినట్లయింది.

మూడవది, ఎక్స్‌టెన్షన్లు. బ్రౌజర్‌కు అదనపు సామర్థ్యాన్ని ఇచ్చే ఈ చిన్న ప్రోగ్రాంలలో అధిక భాగం ఉపయోగకరమైనవే. అయితే వాటిలో చాలావాటికి, తెరిచిన ప్రతి పేజీని చదివే, మార్చే అనుమతి ఉంటుంది. స్థాపించేటప్పుడు ఆ అనుమతిని కోరే వాక్యాన్ని చదివేవారు అరుదు. పైగా ఎక్స్‌టెన్షన్ నేడు మంచిదైనంత మాత్రాన రేపు కూడా మంచిదిగానే ఉంటుందన్న హామీ లేదు. ఉపయోగంలో లేని ట్యాబులను నిద్రపుచ్చి కంప్యూటరు మెమొరీని ఆదా చేసేందుకు రూపొందిన ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను 20 లక్షల మందికి పైగా వాడేవారు. 2020లో అది చేతులు మారింది. హానికరమైన కోడ్ ఉన్నదన్న కారణంతో 2021 ఫిబ్రవరిలో గూగుల్ దానిని తొలగించింది. 2024 డిసెంబరులో సైబర్‌హేవన్ అనే భద్రతా సంస్థ ఎక్స్‌టెన్షన్ విషయంలోనూ ఇటువంటి ముప్పే ఎదురైంది. సంస్థ ఉద్యోగి ఒకరు నకిలీ ఈమెయిల్ వలలో పడగా, దుండగులు ఆ ఎక్స్‌టెన్షన్‌కు కలుషితమైన నవీకరణను విడుదల చేశారు. వాడుకరులు ఏమీ నొక్కకుండానే అది వారి బ్రౌజర్లకు చేరింది.

నాలుగవది, నోటిఫికేషన్ల అనుమతి. వెబ్‌సైటు మూసివేసిన తరువాత కూడా సందేశాలు పంపే ఈ సదుపాయం 2015 నుండి క్రోమ్‌లో అందుబాటులో ఉన్నది. వార్తా సంస్థలకు ఇది మేలు చేసింది. అదే దారిన మోసకారి వెబ్‌సైట్లు కూడా ప్రవేశించాయి. "మీరు రోబో కాదని నిరూపించడానికి అనుమతించు అన్న బటన్ నొక్కండి" అంటూ అవి అనుమతిని సంపాదిస్తాయి. ఆపైన "మీ కంప్యూటరులో వైరస్ ఉన్నది" అన్న బూటకపు హెచ్చరికలు తెర మూలన వరుస కడతాయి. ఇవి వైరస్‌లు కావు, వాడుకరి తెలియక ఇచ్చిన అనుమతి ఫలితాలు మాత్రమే. అందుచేతనే యాంటీవైరస్‌తో ఎన్నిసార్లు వెతికించినా ఏమీ దొరకదు.

ఈ బెడద మన దేశంలో ఎంతగా వ్యాపించినదో 2017 జూన్‌లో చెక్‌పాయింట్ అనే భద్రతా సంస్థ ఇచ్చిన అంచనా ద్వారా ఊహించవచ్చు. బ్రౌజర్ హోమ్ పేజీని మార్చివేసే ఫైర్‌బాల్ అనే ప్రోగ్రాం ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల యంత్రాలకు సోకినదని, అందులో 2.53 కోట్లు భారతదేశంలోనే ఉన్నాయని ఆ సంస్థ పేర్కొన్నది. ముప్పు నిజమే అయినా ఈ సంఖ్య అతిగా ఉన్నదని మైక్రోసాఫ్ట్ అభిప్రాయపడింది. సంఖ్య మాట ఎలా ఉన్నప్పటికీ, చెక్‌పాయింట్ జాబితాలో మన దేశమే ప్రథమ స్థానంలో నిలవడం గమనార్హం.

మనవారి వెబ్‌సైట్లలోనే జరిగిన సంగతి

బ్రౌజర్‌కూ, యంత్రం మందగించడానికీ గల సంబంధాన్ని స్పష్టంగా చూపే ఉదంతం ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. 2018 సెప్టెంబరులో భద్రతా పరిశోధకులు దేశంలోని అనేక వెబ్‌సైట్లలో ఒక రహస్య స్క్రిప్టును గుర్తించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలనా సంచాలకుల వెబ్‌సైటు, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైట్లు కూడా ఉన్నట్లు పత్రికలలో వార్తలు వెలువడ్డాయి. పన్ను వివరాల కోసమో, ధ్రువపత్రం కోసమో పౌరుడు ఆ పేజీని తెరచినంతసేపూ, అతని కంప్యూటరు ప్రాసెసర్ ఎవరో అజ్ఞాత వ్యక్తుల కోసం డిజిటల్ నాణేల తయారీకి అవసరమైన లెక్కలు చేస్తూ ఉంటుంది. పౌరునికి తెలిసేది మాత్రం యంత్రం వేడెక్కడం, ఫ్యాను శబ్దం పెరగడం, పని నిదానించడం. ఇటువంటి స్క్రిప్టును సరఫరా చేయడంలో పేరుపడిన కాయిన్‌హైవ్ అనే సేవ 2019 మార్చిలో మూతపడింది. అయినా ఆ పద్ధతి అంతరించలేదు.

ఈ ఉదంతం నుండి గ్రహించవలసిన అంశాలు రెండు. వెబ్‌సైటు ప్రభుత్వానిది అయినంత మాత్రాన దాని నిర్వహణపై అశ్రద్ధ తగదు. వెబ్‌సైటు బాధ్యత వహించే అధికారి కాలానుగుణంగా భద్రతా తనిఖీ జరిపించాలి. కంప్యూటరు మందగించినప్పుడు యంత్రం పాతదైపోయిందని వెంటనే నిర్ధారించక కారణాన్ని వెతకాలి.

వేగం తగ్గడానికి అసలు కారణాలు

కంప్యూటరులో ర్యామ్ అనేది పని బల్ల వంటిది, హార్డ్ డిస్క్ బీరువా వంటిది. బల్ల నిండిపోయినప్పుడు విండోస్ కొన్ని కాగితాలను బీరువాలో సర్ది, అవసరమైనప్పుడల్లా మళ్లీ తీసుకొనివస్తుంది. గుండ్రంగా తిరిగే పాతకాలపు హార్డ్ డిస్క్‌లో ఒక్కొక్క సమాచారాన్ని వెతికి పట్టుకోవడానికి ఇంచుమించు పది మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్ఎస్‌డి అనే నూతన తరహా డిస్క్‌లో అందులో వందో వంతు కాలం చాలు. అందువలననే తక్కువ ర్యామ్, పాత డిస్క్ రెండూ కలిసిన యంత్రం మిక్కిలి నిదానంగా నడుస్తుంది.

నేటి బ్రౌజర్లు ట్యాబులను, ఎక్స్‌టెన్షన్లను వేర్వేరు ప్రక్రియలుగా నడుపుతాయి. ఒక పేజీ కుప్పకూలినా మిగిలినవి నిలిచి ఉండేందుకు చేసిన ఏర్పాటు ఇది. అయితే దీనికి మెమొరీ ఎక్కువ కావాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో పాతిక ట్యాబులు తెరచి, పది ఎక్స్‌టెన్షన్లు నడిపితే బల్ల నిండిపోవడంలో ఆశ్చర్యం లేదు.

కారణం కనుగొనే విధానం

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే విండోస్ టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. అందులో సీపీయూ, మెమొరీ, డిస్క్ అనే మూడు వరుసలను పరిశీలించాలి.

మెమొరీ దాదాపు నిండి ఉండి, జాబితాలో బ్రౌజర్ పైన ఉన్నట్లయితే ట్యాబులను, ఎక్స్‌టెన్షన్లను తగ్గించాలి. మెమొరీ ఖాళీగా ఉన్నా డిస్క్ వరుస మాత్రమే నూరు శాతం వద్ద నిలిచిపోతే, నవీకరణ లేదా యాంటీవైరస్ తనిఖీ నడుస్తూ ఉండవచ్చు. గంటలు గడిచినా, రోజులు మారినా అదే స్థితి ఉంటే డిస్క్ మార్పిడి ఆలోచించాలి. ఎవరూ పని చేయకపోయినా సీపీయూ అధికంగా ఉంటే, క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు నొక్కి బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్‌ను తెరవాలి. ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత శక్తిని తీసుకొంటున్నదో అందులో పేరుతో సహా కనిపిస్తుంది.

తొలగించే విధానం

ఈ కింది క్రమాన్ని పాటించినట్లయితే పని సులువుగా పూర్తవుతుంది.

1. ముందుగా కంట్రోల్ ప్యానెల్ లేదా సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాను స్థాపించిన తేదీల వారీగా అమర్చుకోవాలి. సమస్య మొదలైన నాటికి దగ్గరగా చేరిన, తాము కోరి స్థాపించుకోని ప్రోగ్రాంలను తొలగించాలి. దీనిని విడిచిపెట్టి బ్రౌజర్‌ను మాత్రమే సరిచేస్తే, ఆ ప్రోగ్రాం హోమ్ పేజీని తిరిగి మార్చివేస్తుంది.

2. తరువాత బ్రౌజర్‌లోని ఎక్స్‌టెన్షన్స్ పేజీని తెరవాలి. ప్రతి ఒక్కదానికీ "దీనిని ఎవరు స్థాపించారు, గడచిన నెలలో దీనితో పని పడిందా" అని ప్రశ్నించుకొని, సమాధానం లేనివాటిని తొలగించాలి.

3. సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్, ఆన్ స్టార్టప్ అనే భాగాలను పరిశీలించి అపరిచితమైన చిరునామాలను తీసివేయాలి.

4. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అనే వరుసలో వెళ్లి, అనుమతి పొందిన వెబ్‌సైట్ల జాబితాలో అవసరమైన ఒకటి రెండు మినహా మిగిలినవి రద్దు చేయాలి. తెర మూలన వచ్చే ప్రకటనలలో అధిక భాగం ఇక్కడితో ఆగిపోతాయి.

5. అప్పటికీ ఫలితం లేకుంటే రీసెట్ సెట్టింగ్స్ ఉపయోగించాలి. క్రోమ్‌లో దీనివలన ఎక్స్‌టెన్షన్లు నిలిచిపోతాయి, కుకీలు తొలగిపోతాయి. బుక్‌మార్కులు, దాచుకొన్న పాస్‌వర్డులు యథాతథంగా ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో రిఫ్రెష్ అనే సదుపాయం ఇటువంటిదే. ఎడ్జ్‌లోనూ రీసెట్ సౌకర్యం ఉన్నది.

6. క్రోమ్ సెట్టింగ్స్‌లోని సిస్టమ్ భాగంలో, బ్రౌజర్ మూసిన తరువాత కూడా నేపథ్యంలో ప్రోగ్రాంలు నడిచేందుకు గల అనుమతిని ఆపివేయవచ్చు. పెర్‌ఫార్మెన్స్ భాగంలోని మెమొరీ సేవర్‌ను అమలులో ఉంచితే వాడని ట్యాబులు మెమొరీని విడుదల చేస్తాయి. ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ పేరిట ఇదే సదుపాయం ఉన్నది. ఈ పనికి ప్రత్యేకంగా మరొక ఎక్స్‌టెన్షన్ అవసరం లేదు.

7. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో, యంత్రం తెరవగానే మొదలయ్యే అనవసర ప్రోగ్రాంలను నిలిపివేయాలి.

8. చివరగా యంత్రాన్ని రీస్టార్ట్ చేయాలి. షట్ డౌన్ చేసి తెరవడంతో సరిపోతుందని పలువురు భావిస్తారు. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు అమలులో ఉన్నప్పుడు షట్ డౌన్ వలన విండోస్ పూర్తిగా కొత్తగా మొదలు కాదు. రీస్టార్ట్ చేసినప్పుడే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది.

కార్యాలయ యంత్రంలో "ఈ బ్రౌజర్ మీ సంస్థ నిర్వహణలో ఉన్నది" అన్న వాక్యం కనిపిస్తే, అది సాంకేతిక విభాగం విధించిన నియమం కావచ్చు. అటువంటివాటిని సిబ్బంది స్వయంగా మార్చరాదు. సొంత కంప్యూటరులో కారణం లేకుండా అదే వాక్యం కనిపిస్తే అనుమానించవలసి ఉంటుంది.

చేయకూడని పనులు

వేగం పెంచుతామని, చెత్త తొలగిస్తామని ప్రకటించుకొనే ప్రోగ్రాంలను ఆశ్రయించడం తగదు. శుభ్రపరచే ప్రోగ్రాంగా ప్రఖ్యాతి పొందిన సీక్లీనర్ యొక్క ఒక వెర్షన్‌లోకే 2017లో దుండగులు హానికరమైన కోడ్‌ను చొప్పించగా, అది 22 లక్షలకు పైగా యంత్రాలకు చేరింది. విండోస్‌లోనే ఉన్న డిస్క్ క్లీనప్, స్టోరేజ్ సెన్స్ సాధారణ అవసరాలకు సరిపోతాయి. అలాగే బయటి సంస్థల యాంటీవైరస్‌లు రెండింటిని ఒకే యంత్రంలో నడిపితే రక్షణ రెట్టింపు కాకపోగా వేగం తగ్గుతుంది.

తెర నిండా హెచ్చరిక వచ్చి ఫోన్ నంబరు చూపితే ఆ నంబరుకు ఎట్టి పరిస్థితులలోనూ ఫోన్ చేయరాదు. తమ హెచ్చరిక సందేశాలలో ఫోన్ నంబరు ఎన్నడూ ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టం చేసి ఉన్నది. అటువంటి పేజీ మూసుకోకపోతే టాస్క్ మేనేజర్ ద్వారా బ్రౌజర్‌ను ముగించాలి. తిరిగి తెరచినప్పుడు పాత ట్యాబులను పునరుద్ధరించరాదు.

ఖాతాల భద్రత

అనుమానాస్పద ఎక్స్‌టెన్షన్ తొలగించడంతో పని పూర్తి కాదు. ఒకసారి లాగిన్ అయిన తరువాత వెబ్‌సైటు బ్రౌజర్‌కు ఒక కుకీని అందజేస్తుంది. అది లోనికి ప్రవేశించినవారి చేతి చీటీ వంటిది. ఆ చీటీ అపహరణకు గురైతే పాస్‌వర్డుతోగాని, ఓటీపీతోగాని పని లేకుండానే ఇతరులు ఖాతాలో ప్రవేశించగలరు. కావున శుభ్రం చేసిన అనంతరం అన్ని పరికరాల నుండి లాగ్ అవుట్ అయి, వేరొక సురక్షిత యంత్రం నుండి పాస్‌వర్డులను మార్చుకోవాలి. బిల్లులు మంజూరు చేసే అధికారులు డిజిటల్ సంతకపు టోకెన్‌ను పని ముగియగానే యంత్రం నుండి తీసివేయడం విధిగా అలవరచుకోవాలి.

సెర్చ్ ఇంజిన్ మారిన యంత్రంలో ప్రభుత్వ శాఖ పేరుతో వెతికితే, శాఖ వెబ్‌సైటును పోలిన నకిలీ పేజీ ముందు వరుసలో కనిపించే అవకాశం ఉన్నది. ఉత్తర్వుల ప్రతులను సేకరించే విలేకరులు చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉన్నదీ లేనిదీ గమనించి, తరచుగా వాడే పేజీలను బుక్‌మార్కు చేసుకోవడం శ్రేయస్కరం.

తెలుగు వాడుకరులకు ప్రత్యేక సూచన

తెలుగు ఫాంట్లు, టైపింగ్ సాధనాలు, పాత ఫాంట్ల నుండి యూనికోడ్‌కు మార్చే సాధనాల కోసం అపరిచిత వెబ్‌సైట్లను ఆశ్రయించడం వలన కూడా అనవసర ప్రోగ్రాంలు చేరవచ్చు. నిజానికి సాధారణ అవసరాలకు బయటి సాధనాలు అక్కరలేదు. విండోస్ ఎక్స్‌పీ నుండే గౌతమి ఫాంటు, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లభిస్తున్నాయి. విండోస్ 10లో 2019 మే నవీకరణ నుండి ఉచ్చారణను అనుసరించి టైపు చేసే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు సైతం చేర్చబడింది. సెట్టింగ్స్‌లోని భాషల విభాగంలో తెలుగును జోడించుకొంటే చాలును.

పాత యంత్రాల విషయం

వెబ్‌సైటు పాత పద్ధతిలో ఉన్నదన్న కారణంతో పాత బ్రౌజర్‌ను అట్టిపెట్టుకొన్న కార్యాలయాలు కొన్ని ఉన్నాయి. డిజిటల్ సంతకానికి ఉపయోగపడిన జావా ప్లగిన్ల తరహాకు క్రోమ్ 2015లోనూ, ఫైర్‌ఫాక్స్ 2017లోనూ స్వస్తి పలికాయి. ఫ్లాష్ ప్లేయర్ 2020 డిసెంబరు 31తో ముగిసింది. విండోస్ 10 యంత్రాలలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మద్దతు 2022 జూన్ 15న ఆగిపోయింది. దాని కోసమే రూపొందిన వెబ్‌సైట్లను ఎడ్జ్ బ్రౌజర్‌లోని ఐఈ మోడ్‌లో తెరిచే వీలున్నది. కావున అసురక్షితమైన పాత బ్రౌజర్‌ను నిలుపుకోవలసిన అగత్యం లేదు.

విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిశాయి. విండోస్ 11కు అర్హత లేని యంత్రాల విషయంలో, పరిమిత కాలానికి లభించే అదనపు భద్రతా నవీకరణల పథకంలో చేరడమో, సి-డాక్ రూపొందించిన బాస్ వంటి లినక్స్ వ్యవస్థకు మారడమో పరిశీలించవచ్చు. యంత్రం ఇతరత్రా బాగున్నట్లయితే కొత్తది కొనేందుకు ప్రతిపాదన పంపే ముందు, ర్యామ్ పెంచి ఎస్ఎస్‌డి అమర్చితే సరిపోతుందేమో సాంకేతిక సిబ్బందితో చర్చించడం ప్రజాధనం ఆదాకు తోడ్పడుతుంది.

ఫిర్యాదు, సహాయం

కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం హానికరమైన ప్రోగ్రాంలను తొలగించే సాధనాలను ఉచితంగా అందిస్తున్నది. ఖాతాలోకి అనధికార ప్రవేశం, సమాచార అపహరణ వంటి సంఘటనలు దృష్టికి వచ్చిన 6 గంటలలోగా సెర్ట్-ఇన్ సంస్థకు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు నిర్దేశిస్తున్నాయి. ఇవి ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తాయి. ధననష్టం జరిగితే 1930 నంబరుకు తక్షణం ఫోన్ చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే సొమ్మును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువగా ఉంటుంది.

కార్యాలయ అధిపతులు నెలకు ఒక పూట కేటాయించి, తమ పరిధిలోని ప్రతి యంత్రంలో ఎక్స్‌టెన్షన్లు, నోటిఫికేషన్ల అనుమతులు, స్టార్టప్ జాబితా తనిఖీ చేయించినట్లయితే పైన వివరించిన ఇబ్బందులలో అధిక భాగం మొదట్లోనే తొలగిపోతాయి. ఇందుకు కొత్త సాఫ్ట్‌వేర్‌గాని, అదనపు వ్యయంగాని అవసరం లేదు. విలేకరులు తమ సొంత కంప్యూటర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త వహించవలసిందిగా కోరడమైనది.